ఫ్రీ బ్యాండ్‌లోకి టవర్ రావచ్చు, చెవులు తెచ్చుకుంటే

మొబైల్ కంపెనీలను వై-ఫై ఉండే బ్యాండ్‌లోకి, అంటే రేడియో తరంగాల్లో ఆ ముక్కలోకి, అడుగే పెట్టనివ్వకూడదని మా ఫీల్డులో చాలామంది అంటారు. నేను ఆ పార్టీ కాదు. లైసెన్సు అక్కర్లేని స్పెక్ట్రంలోకి ఎవరైనా రావచ్చు, టవర్ ఉన్నవాడూ రావచ్చు. నా పట్టుదలంతా ఒక్క షరతు మీదే. వచ్చేవాడు మాట్లాడే ముందు వినాలి, అంటే సిగ్నల్ పంపే ముందు గాలి ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. పక్కవాడు ఎంత శ్రద్ధగా వింటున్నాడో అంత శ్రద్ధగా వినాలి. ఆ సంగతి వాడి మంచితనానికి వదిలేయకుండా రూల్లో రాసి ఉండాలి. బెంగళూరులో రేడియోలు టెస్ట్ చేసే ఉద్యోగం చేస్తూ, మున్నేకొళాలలో పీజీ హాస్టళ్ల మధ్య కాపురం ఉంటున్నవాడిగా ఈ మాట అంటున్నాను.

మున్నేకొళాల తెలియని తెలుగువాళ్లు బెంగళూరులో తక్కువే. మారతహళ్లి బ్రిడ్జి దాటి లోపలికి వస్తే గోడకు గోడ ఆనించి కట్టిన బిల్డింగులు, కింద కర్రీ పాయింట్, పైన అయిదంతస్తుల పీజీ. ప్రతి అంతస్తులో ఒకటో రెండో రౌటర్లు, వాటికి తోడు కుర్రాళ్ల ఫోన్ హాట్‌స్పాట్‌లు, పక్క బిల్డింగు రౌటర్లు, ఎదురు జిమ్ము రౌటరు. రాత్రి తొమ్మిది దాటాక అందరూ ఇంటికి వీడియో కాల్ చేసే వేళకి వై-ఫై నీరసపడుతుంది. మా పక్క పీజీ ఓనరుది నెల్లూరు వైపు. ఒకరోజు నన్ను ఆపి అడిగారు: "ఏం సార్, 200 ఎంబీ ప్లాన్ వేయించా కదా, పిల్లలు ఇంకా బఫరింగ్ అంటారేంది?" కేబుల్లో తేడా ఏమీ లేదని, గదుల్లో గాలే నిండిపోయిందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి గాలి గురించి ఎవరికి కంప్లైంట్ ఇయ్యాల?" అన్నారు.

ఎవరికీ ఇవ్వలేం. మన నిబంధనల్లో ఆ ముక్క స్పష్టంగానే ఉంది. లైసెన్సు లేని బ్యాండ్‌లో వాడకం మూడు షరతుల మీద: ఇతరులకు అంతరాయం కలిగించకూడదు, నీకు అంతరాయం కలిగితే రక్షణ అడగకూడదు, నీ ఒక్కడికే అని హక్కు ఉండదు. ఆ పీజీ ఓనరు చివరికి ప్రతి గదికీ లాన్ కేబుల్ లాగించుకున్నారు. తెలివైన పనే. కాకపోతే ఫోన్లకు ఆ సాకెట్ ఉండదు.

ఈ బ్యాండ్‌లు మొదట్లో ఎవరికీ అక్కర్లేనివి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ ఓవెన్లు పనిచేస్తాయి, ఆ రొదలో ఎవరు రేడియో నడుపుతారని ఇంజనీర్లు దాన్ని చెత్త బ్యాండ్ అనేవారు. 1985లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, పవర్ తక్కువగా పెట్టుకుని, సిగ్నల్‌ను వెడల్పుగా పరిచి వాడుకునేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదంది. 1997లో వై-ఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం వచ్చింది, తర్వాతి కథ అందరి ఇళ్లలోనూ ఉంది. మన దగ్గర 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్‌ను ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అక్కడ ఉన్నది మొత్తం 83.5 మెగాహెర్ట్జ్, ఒకదాన్నొకటి తాకకుండా మూడు చానళ్లు పడతాయి. మున్నేకొళాల మొత్తం ఆ మూడింటిలోనే బతికింది చాలాకాలం. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను ఇంటా బయటా తెరిచాక కొంచెం ఊపిరాడింది.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో చెప్పింది. 2012లో 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దు చేస్తూ, ఇలాంటి వనరులను వేలం ద్వారా ఇవ్వడమే మేలంది. ఆ రెండు తీర్పుల మధ్య ఒక సంగతి మనం పట్టించుకోం. వేలం వేసిన తరంగాల విషయంలో ప్రజల ఆస్తి అంటే ఖజానాకు వచ్చే డబ్బు. 2022 వేలంలో అది లక్షన్నర కోట్లు. వేలం వెయ్యని ఈ కాస్త ముక్కలో మాత్రం ఆస్తి నేరుగా జనం చేతిలో ఉంది: పదిహేను వందల రౌటర్ కొనుక్కున్న ప్రతివాడూ ఇక్కడ ఒక ప్రసార కేంద్రం. పల్లెలో పోరంబోకు ఎలాంటిదో ఇది అలాంటిది. పెద్ద రైతు తన గొడ్లను కూడా అక్కడ మేపుకుంటానంటే కాదనలేం, హక్కుంది. మందను ఎంతసేపు వదులుతాడు, చిన్నవాడి మేక వచ్చినప్పుడు జరుగుతాడా లేదా అన్నదే అసలు గొడవ.

వై-ఫై పద్ధతి చూడండి. 5 గిగాహెర్ట్జ్‌లో రౌటరు ఏదైనా పంపాలంటే ముందు చానల్ ఖాళీగా ఉందేమో 34 మైక్రోసెకన్లు వింటుంది. ఆ తర్వాత సున్నా నుంచి పదిహేను లోపు ఒక అంకె చీటీ తీసుకుని, 9 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున కిందికి లెక్కపెడుతుంది. మధ్యలో ఎవరైనా మొదలుపెడితే లెక్క ఆపి, వాళ్లయ్యాక మళ్లీ అందుకుంటుంది. పంపింది ఢీకొట్టుకుందని అనుమానం వస్తే చీటీల సంఖ్య రెట్టింపు చేసుకుంటుంది, అలా 1023 దాకా పోతుంది. పెత్తనం చేసేవాడు ఎవరూ లేరు. ఒకరి మొహం ఒకరు చూడని పెట్టెలు, వేరే వేరే కంపెనీలు చేసినవి, ఇంత పద్ధతిగా వంతులేసుకోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఈ పద్ధతిలో టైము వృథా చాలా ఉంది, నిజమే. జనం పెరిగేకొద్దీ వినడానికే సగం సమయం పోతుంది.

సెల్యులార్ వేరే ఇంట్లో పెరిగింది. డబ్బు కట్టి కొన్న తరంగాలు, అక్కడ తనొక్కడే. ఎల్‌టీఈలో, అంటే 4జీలో, బేస్ స్టేషనే (టవరే) అంతా నిర్ణయిస్తుంది: ఈ ఒక మిల్లీసెకను నీది, తర్వాతది అతనిది, ఈ ఫ్రీక్వెన్సీ ముక్క ఆమెది. ఫోను చెప్పినప్పుడే మాట్లాడుతుంది. అందుకే అంత సమర్థంగా నడుస్తుంది. పక్కన తెలియనివాడు ఉంటాడేమో అన్న ఆలోచన ఆ డిజైన్లో ఎక్కడా రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. అలాంటి మనిషిని తీసుకొచ్చి వై-ఫై మధ్యలో కూర్చోబెడితే ఏమవుతుందో 2014 నుంచి అమెరికాలో చూశారు.

అప్పుడు వచ్చిందే ఎల్‌టీఈ-యు, ఫ్రీ బ్యాండ్‌లో నడిచే ఎల్‌టీఈ. చిప్పుల కంపెనీ క్వాల్‌కామ్ ఆలోచన. 2014లో అమెరికా మొబైల్ కంపెనీ వెరైజన్ ముందుండి ఎరిక్సన్, అల్కాటెల్-లూసెంట్, సామ్‌సంగ్, క్వాల్‌కామ్‌లతో ఒక ఫోరం పెట్టింది. ఎల్‌టీఈకి ముందు వినడం నేర్పకుండా, కాసేపు ఆన్, కాసేపు ఆఫ్ అని ఒక చక్రం పెట్టారు. చుట్టూ వై-ఫై ఎంతుందో కొలిచి ఆన్ సమయం తగ్గించుకుంటుందట. వినడానికి బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆఫ్ సమయం చివర్లో వై-ఫై ఒక ప్యాకెట్ (ఒక విడత డేటా) మొదలుపెడుతుంది, అది సగంలో ఉండగా ఎల్‌టీఈ టైమైందని ఆన్ అవుతుంది. ప్యాకెట్ నలిగిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉండి పోయిందేమోనని వై-ఫై అనుకుని, మళ్లీ పంపేటప్పుడు స్పీడు తగ్గిస్తుంది. స్పీడు తగ్గితే అదే ప్యాకెట్‌కు ఎక్కువసేపు గాలి కావాలి. ఎక్కువసేపు కావాలంటే మళ్లీ ఆన్ టైముకు దొరికిపోయే అవకాశం పెరుగుతుంది. కాగితం మీద చెరి సగం పంచుకున్నట్టే ఉంటుంది. ఇంట్లో కూర్చున్నవాడికి మాత్రం సగం కన్నా బాగా తక్కువే దక్కుతుంది.

ఇక్కడ మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. ఐరోపా, జపాన్ 5 గిగాహెర్ట్జ్‌లో మాట్లాడే ముందు వినాలని రూల్లోనే రాసుకున్నాయి, కాబట్టి ఎల్‌టీఈ-యు అక్కడ కుదరదు. రూల్లో లేని చోట్ల పెట్టుకోవచ్చని ఆ టెక్నాలజీ తెచ్చినవాళ్లు దేశాలను లెక్కేసినప్పుడు అమెరికా, దక్షిణ కొరియాల పక్కన మన దేశం పేరు కూడా ఉంది. మనం తరంగాలను ఎంత జాగ్రత్తగా వేలం వేస్తామో చూశాం కదా. వేలం వెయ్యని 5 గిగాహెర్ట్జ్‌లో మాట్లాడే ముందు వినాలని మాత్రం రాసుకోలేదు. పవర్ ఎంత ఉండాలో డెసిబెల్ లెక్కన రాసి ఊరుకున్నాం.

ఆఫీసులో నా పక్క టీములో ఒక మిత్రుడున్నాడు, గుంటూరువాడు, మొదటి నుంచీ సెల్యులార్ మనిషి. మధ్యాహ్నం మెస్సులో పప్పు కలుపుకుంటూ మొదలుపెడతాడు: "నీ వై-ఫై ఏమన్నా పతివ్రతా? 2017లో ఎఫ్‌సీసీనే పర్మిషన్ ఇచ్చింది, టెస్టులు పాసయ్యాకే ఇచ్చింది. నీకేంట్రా నొప్పి?" ఇచ్చిన మాట నిజం. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఎరిక్సన్, నోకియా బేస్ స్టేషన్లకు అనుమతి వచ్చింది. దానికి ముందు రెండేళ్లు కేబుల్ కంపెనీలు, గూగుల్ ఒకవైపు, మొబైల్ కంపెనీలు ఒకవైపు దెబ్బలాడుకున్నాయి. 2016 సెప్టెంబరులో వై-ఫై కంపెనీల సంఘం వై-ఫై అలయన్స్ ఒక పరీక్షా విధానం తయారుచేస్తే, ఇది ఏకపక్షమని మొబైల్ వైపు మండిపడ్డారు. అంటే ఆ టెస్టులు పెట్టించింది గొడవ. గొడవ చేయగలిగిన స్తోమతు ఉన్నవాళ్లు అక్కడ రెండు వైపులా ఉన్నారు. మున్నేకొళాల పీజీ ఓనరు తరఫున అలా కూర్చునేవాళ్లు ఎవరు?

మావాడి వాదనలో బలమున్న భాగం కూడా చెప్పాలి. 2016లో మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ తన విడుదల 13లో తెచ్చిన ఎల్ఏఏ కూడా ఫ్రీ బ్యాండ్‌లో నడిచే ఎల్‌టీఈయే, కానీ ఎల్‌టీఈ-యు లాంటిది కాదు, అది వింటుంది. వై-ఫైలాగే చీటీ తీస్తుంది, వెనక్కి తగ్గుతుంది, ఒకసారి చానల్ దొరికితే మామూలు డేటాకు ఎనిమిది మిల్లీసెకన్లకు మించి పట్టుకోదు, పక్కన వేరే టెక్నాలజీ ఎవరూ లేరంటేనే పది. 20 మెగాహెర్ట్జ్ చానల్లో గాలిలో మైనస్ 72 డీబీఎం శక్తి కనిపిస్తే ఆగిపోతుంది (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). మరి వై-ఫై? సాటి వై-ఫై అని గుర్తుపడితే మైనస్ 82 దగ్గరే ఆగుతుంది, గుర్తుపట్టలేని పరాయి శక్తి అయితే మైనస్ 62 దాకా లెక్కచెయ్యదు. రెంటి మధ్య ఇరవై డెసిబెల్స్, అంటే వందరెట్లు. తనవాడు గుసగుసలాడినా నోరు మూసుకునే వై-ఫై, పరాయివాడు అరిచేదాకా వినిపించుకోదు. మీరు మావాళ్లను మైనస్ 82 దగ్గర వినాలని వై-ఫై కమిటీ, అయితే మీరూ పరాయివాళ్ల కోసం మైనస్ 72కి దిగండని సెల్యులార్ కమిటీ, ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. ఎవరూ దిగలేదు. ఈ విషయంలో నేను మావాడి పక్షమే. ఒకే గుమ్మం, ఒకే ఎత్తు, అందరికీ.

బ్లూటూత్‌ను అడిగితే వై-ఫై మర్యాద గురించి ఇంకో కథ చెబుతుంది. 2.4లో పక్కపక్కనే ఉండలేక 2003లో బ్లూటూత్ తనే పద్ధతి మార్చుకుంది, వై-ఫై ఉన్న చానళ్లను చూసి తప్పుకుని గెంతడం నేర్చుకుంది. పక్కకు జరిగింది చిన్నవాడే. వాతావరణ రాడార్ల సంగతి ఇంకా ఘోరం: 5 గిగాహెర్ట్జ్‌లో 5600 నుంచి 5650 దాకా విమానాశ్రయాల దగ్గర గాలివానను పసిగట్టే రాడార్లుంటాయి. అందుకే ఆ వైపు చానళ్లలో వై-ఫై మొదట రాడార్ ఉందేమో వెతికి, ఉంటే ఖాళీ చేసి పోవాలని ఎఫ్‌సీసీ రూలు. ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో బయట పెట్టిన రేడియోల్లో కొందరు ఆ వెతకడాన్నే ఆపేసి నడిపారు. రాడార్ తెర మీద గీతలు పడ్డాయి, ఎఫ్‌సీసీ జరిమానాలు వేసింది. కాబట్టి పాపం పుణ్యం టెక్నాలజీ పేరులో లేదు. లాభం ఉన్నచోట వినడం మానేస్తారు, అడిగేవాడు లేకపోతే.

ఎల్ఏఏలో నాకు ఒళ్లు మండేది ఒకటే. ఎల్‌టీఈకి మిల్లీసెకను గీతల మీదే అడుగు వేసే అలవాటు. చీటీ పూర్తయి చానల్ దొరికింది, కానీ తర్వాతి గీత ఇంకా సగం మిల్లీసెకను దూరం ఉంది. ఈలోపు వై-ఫై ఎక్కడ దూరుతుందోనని ఊరికే ఒక సిగ్నల్ పంపుతూ కూర్చుంటుంది. అందులో సమాచారం ఏమీ ఉండదు. బస్టాండులో సీటు మీద కర్చీఫ్ వెయ్యడం మనకు కొత్త కాదులెండి. తర్వాత 2020లో విడుదల 16తో వచ్చిన 5జీ రకం, ఎన్ఆర్-యు, గీత మధ్యలో కూడా మొదలుపెట్టగలదు కాబట్టి ఈ వృథా తగ్గింది. అంటే మర్యాద సాంకేతికంగా సాధ్యమే, అడిగితే నేర్చుకుంటారు.

"న్యాయం" అంటే ఏమిటో కూడా 3జీపీపీ ఒక నిర్వచనం రాసుకుంది: ఉన్న వై-ఫైకి ఇంకో వై-ఫై పక్కన చేరితే ఎంత దెబ్బ తగులుతుందో, మేము చేరితే అంతకు మించి తగలకూడదు. మొదటిసారి చదివినప్పుడు బాగుందనిపిస్తుంది. తీరా చూస్తే, వై-ఫై పక్కన వై-ఫై చేరడమే మా వీధిలో పెద్ద దెబ్బ. ఆ దెబ్బనే కొలబద్ద చేసుకుంటే ఎంత కొట్టినా న్యాయమే అవుతుంది. పైగా ఇంటి రౌటర్ గది లోపల ఉంటుంది, ఆపరేటర్ చిన్న టవర్ స్తంభం మీద, గోడ అడ్డం లేకుండా.

ఇదంతా అమెరికా పాత కథ, మనకెందుకు అనేవాళ్లకు మా మేడ మీదికి రమ్మని చెబుతాను. మన దగ్గర ఎల్ఏఏ పేరు ఎవరూ ఎత్తరు. కానీ ఫైబర్ లాగలేని చోట ఇంటర్నెట్ ఇవ్వడానికి ఈ మధ్య బెంగళూరు మేడల మీద 5 గిగాహెర్ట్జ్ ఫ్రీ బ్యాండ్‌లోనే నడిచే పెట్టెలు బిగిస్తున్నారు. మా వెనక బిల్డింగు మీద ఒకటి వచ్చింది. అది వచ్చాక మా ఇంట్లో పై చానళ్లు రెండు పనికిరాకుండా పోయాయి, రౌటర్‌ను కింది చానళ్లకు మార్చుకున్నాను. చట్టప్రకారం వాళ్ల తప్పేమీ లేదు, నాకు రక్షణ అడిగే హక్కూ లేదు. ఇలాంటి బయటి రేడియోల్లో చాలా వాటికి వై-ఫై చిప్పే ఉన్నా, పైన మాత్రం సెల్యులార్ తరహాలో టైము ముక్కలు పంచే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పేరు ఎల్‌టీఈ-యు కాదు, అంతే.

ఇంకో పక్క చూడండి. 2019 చివర్లో, 2020 మొదట్లో మన పెద్ద ఆపరేటర్లు వై-ఫై కాలింగ్ తెచ్చారు. ఇంట్లో టవర్ సిగ్నల్ అందకపోతే మన రౌటర్ మీదుగా, మన బ్రాడ్‌బ్యాండ్ బిల్లుతో, వాళ్ల కాల్ పోతుంది. సౌకర్యమే, నేనూ వాడుతున్నాను. అయితే ఫ్రీ బ్యాండ్ మీద ఇంతగా ఆధారపడుతూనే, 6 గిగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఆపరేటర్ల సంఘం 1200 మెగాహెర్ట్జ్ మొత్తం మొబైల్‌కే కావాలని పట్టుబట్టింది. అమెరికా 2020లో ఆ 1200నీ లైసెన్సు లేకుండా వదిలేసింది, ఐరోపా 2021లో కింది 480 వదిలింది, చైనా 2023లో పై 700ను మొబైల్‌కు కేటాయించింది. మన టెలికాం శాఖ 2025 మేలో కింది 500 మెగాహెర్ట్జ్‌ను తక్కువ పవర్‌తో లైసెన్సు లేకుండా వదిలే ముసాయిదా బయటపెట్టింది. పైభాగం మొబైల్ వైపు మొగ్గింది. ఈ పంపకం మరీ అన్యాయంగా ఏమీ లేదు. కింది 500 మున్నేకొళాలకు చాలా మేలు.

నేను అడిగేది ఆ 500లో రేపు ఎవరెవరు వస్తారన్నది. 5జీ రకం ఫ్రీ బ్యాండ్ రేడియో ఆ బ్యాండ్ కోసం కూడా రాసి ఉంది. అమెరికా 6 గిగాహెర్ట్జ్‌లో ఇంటి లోపల వాడే పరికరాలకు పోటీపడి వంతు తీసుకునే పద్ధతి తప్పనిసరని రూల్లో రాసింది. 5లో జరిగిన రభస అనుభవం వాళ్లకు పనికొచ్చింది. మనం పాత బ్యాండ్‌లో అలవాట్లు మార్చలేకపోవచ్చు, కోట్ల పరికరాలు ఇప్పటికే ఇళ్లలో ఉన్నాయి. కొత్త బ్యాండ్‌లో ఎవరికీ అలవాట్లు లేవు. వినాల్సిన శక్తి మట్టం ఇంత, ఒకసారి పట్టుకుంటే గరిష్ఠ సమయం ఇంత, ఖాళీ సిగ్నల్‌తో చానల్ ఆపడం నిషేధం, ఇవి వై-ఫై, 5జీ అన్న పేర్లు లేకుండా అందరికీ ఒకటేనని రాయడానికి అర పేజీ చాలు.

రాస్తే సరిపోదు, చూసేవాడు కావాలి. ఇవాళ లైసెన్సు అక్కర్లేని పరికరాన్ని మన మార్కెట్లోకి తేవడానికి కావలసిన రేడియో అనుమతి స్వీయ ప్రకటన మీద వచ్చేస్తుంది, ల్యాబ్ రిపోర్టు జతచేస్తే చాలు. ఆ రిపోర్టులో ఉండేది ఒక్క పెట్టె: నిశ్శబ్దపు గదిలో, ఒంటరిగా, పవర్ ఎంత, ఫ్రీక్వెన్సీ ఎంత. ఒంటరిగా ఉన్నవాడు మర్యాదస్థుడో కాదో ఎలా తెలుస్తుంది? ఆ గదిలో పక్కనే ఒక మామూలు రౌటర్, ఒక ఫోను పెట్టి, కొత్త పెట్టె ఆన్ చేశాక రౌటర్ వేగం ఎంతకు పడిందో ఒక కాలమ్ రాయాలి. బెంగళూరులో ఇది చెయ్యగల ల్యాబులకు కొదవలేదు, చేసేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే అయ్యుంటారు. ఈ మాట మావాడితో అంటే వెంటనే ఒప్పుకున్నాడు, ఒక షరతు పెట్టాడు: పక్కన పెట్టే రౌటర్ మంచిదై ఉండాలట, పదిహేను వందలది పెడితే ఏ టెక్నాలజీ అయినా ఫెయిలవుతుందట. మేమిద్దరం ప్రస్తుతానికి అక్కడ ఆగాం. నేను మాత్రం పదిహేను వందలదే పెట్టాలంటాను, పీజీల్లో ఉండేది అదే కాబట్టి.